చెరిపినా తిరిగిరాని చోటు

(స్టోరేజీ ఇంజినీర్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత ప్రతి)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక స్టోరేజీ గురించి మాట్లాడమన్నారు. నిద్రొస్తే తప్పు మీది కాదు, ఈ స్లాటు ఇచ్చినవాళ్లది. (నవ్వులు) నేరుగా విషయంలోకి వెళ్తాను.

ఒక హడూప్ క్లస్టర్ ఉందనుకోండి, అంటే చాలా మెషీన్ల డిస్కుల్ని కలిపి ఒకే పెద్ద స్టోరేజీలా వాడే ఏర్పాటు. యూజర్ల ఫైళ్లన్నీ కూడితే 600 టెరాబైట్లు. ఫైళ్లని బ్లాకులనే ముక్కలుగా దాస్తారు, ఒక్కో బ్లాకుకి 3 కాపీలు కాబట్టి డిస్కుల మీద 1,800 ఉండాలి. డిస్కుల్ని అడిగితే 2,100 అంటున్నాయి. మిగతా 300 ఎవరివి? మేనేజరు అడిగే ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది: "పోయిన నెల అంత డేటా డిలీట్ చేశారు కదా, ఖాళీ ఏది?"

ఈ 300లో అంతా లీకే అనుకోకండి. చాలావరకు లెక్కలోకి రాని మామూలు సంగతులే. ట్రాష్‌లో ఉన్నవి కొన్ని. స్నాప్‌షాట్, అంటే ఒక క్షణంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో అలా గుర్తుపెట్టుకునే ఏర్పాటు, పట్టుకున్నవి కొన్ని. డైరెక్టరీలో ఫైలు కనపడదు, కానీ స్నాప్‌షాట్ ఉన్నంతకాలం దాని బ్లాకులు కదలవు. ఎవరో ఒక డైరెక్టరీకి 3 బదులు 5 కాపీలు పెట్టి మర్చిపోయి ఉంటారు. బ్లాకులు దాచే మెషీన్‌ని డేటానోడ్ అంటారు, దాని డిస్కు మీదే లాగ్‌ఫైళ్లు పెరిగి ఉంటాయి, అవి హడూప్ ఫైల్ సిస్టమ్ అయిన హెచ్‌డీఎఫ్‌ఎస్ లెక్కలోకే రావు. ముందు ఇవన్నీ తీసేసి చూడండి. ఆ తర్వాత కూడా తేడా మిగిలితే అప్పుడు లీకు గురించి మాట్లాడుకుందాం.

లీకంటే ఏంటి? డిస్కు మీద డేటా ఉంది, దాన్ని నాది అని చెప్పే ఫైలు లేదు. ఇదెందుకు జరుగుతుందో తెలియాలంటే ఫైలు చెరపడం ఎలా జరుగుతుందో చూడాలి. మీ ల్యాప్‌టాప్‌లో పేరూ డేటా ఒకే డిస్కు మీద ఉంటాయి. మధ్యలో కరెంటు పోయినా జర్నల్, అంటే చేయబోయే మార్పులు ముందే రాసుకున్న చిట్టా, చూసుకుని సర్దుకుంటుంది. డిస్ట్రిబ్యూటెడ్ ఫైల్ సిస్టమ్‌లో పేరు ఒక మెషీన్‌లో, డేటా వందల మెషీన్లలో. రెండుచోట్లా ఒకేసారి చెరపడం కుదరదు. ఒకటి ముందు, ఒకటి వెనక.

ఏది ముందు? డేటా ముందు చెరిపి, పేరు చెరిపేలోపు మెషీన్ పడిపోయిందనుకోండి. ఫైలు కనిపిస్తుంది, తెరిస్తే లోపల ఏమీ ఉండదు. యూజరుకి డేటా పోయినట్టే. పేరు ముందు చెరిపి, డేటా చెరిపేలోపు పడిపోతే? యూజరుకి ఏ నష్టమూ లేదు, ఎలాగూ వద్దనుకున్న ఫైలే. చోటు మాత్రం వృథా. కాస్త బుర్ర ఉన్న డిజైనరు ఎవరైనా రెండోదే ఎంచుకుంటాడు. అంటే లీకు తెలియక జరిగిన పొరపాటు కాదు. డేటా పోవడం కన్నా చోటు పోవడం నయమని తెలిసి ఒప్పుకున్నది. నేనీరోజు చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట మీదే ఉంది. డిజైనరు అంత జాగ్రత్తగా చోటు వదులుకుని డేటా కాపాడితే, మనం ఆ చోటు వెనక్కి తెచ్చే తొందరలో డేటా పోగొడుతున్నాం. ఈ రంగంలో పెద్ద ప్రమాదాలు లీకు వల్ల రావు, లీకు శుభ్రం చేసేటప్పుడు వస్తాయి.

2003లో సంజయ్ ఘెమావత్, హోవర్డ్ గోబియాఫ్, షున్-తాక్ లియంగ్ గూగుల్ ఫైల్ సిస్టమ్ మీద పేపరు రాశారు. అందులో చెత్త ఏరడం మీద ఒక చిన్న భాగం ఉంటుంది, మీలో చదవనివాళ్లు తప్పక చదవండి. ఫైలు డిలీట్ చేస్తే వాళ్ల సిస్టమ్ వెంటనే ఏమీ చెరపదు. డిలీట్ చేసిన టైము కలిపి ఒక దాచిన పేరు పెడుతుంది, అంతే. 3 రోజులు దాటాక, పేర్ల లెక్క చూసే మాస్టర్ మెషీన్ తన జాబితా తిరగేస్తూ వచ్చినప్పుడు ఆ పేరు తీసేస్తుంది. అప్పుడు ఆ ఫైలు తాలూకు 64 మెగాబైట్ల ముక్కలకి యజమాని ఉండడు. ముక్కలు దాచే సర్వర్లు హార్ట్‌బీట్, అంటే బతికే ఉన్నానని చెప్పే కబురు, పంపినప్పుడల్లా "నా దగ్గర ఇవి ఇవి ఉన్నాయి" అని కొన్ని చెప్తాయి. మాస్టర్ "వీటిలో ఫలానావి నాకు తెలియవు" అంటుంది. తెలియనివాటిని సర్వర్ చెరుపుకోవచ్చు.

ఇందులో "చెరిపెయ్" అన్న కబురు ఒక్కసారి పంపి అది చేరిందో లేదో అని బాధపడటం లేదు చూశారా. కబురు పోయినా ఫర్వాలేదు, మళ్లీ హార్ట్‌బీట్ వస్తుంది. కాపీ చేయబోయి సగంలో ఆగిన ముక్కలు కూడా ఇదే దారిలో పోతాయి, వాటికి వేరే కోడ్ అక్కర్లేదు. ఇబ్బంది కూడా వాళ్లే రాశారు. చోటు ఇరుకైనప్పుడు ఈ ఆలస్యం చికాకు పెడుతుంది. అందుకే డిలీట్ చేసినదాన్ని మళ్లీ డిలీట్ చేస్తే త్వరగా ఖాళీ చేసే ఏర్పాటు పెట్టారు.

హెచ్‌డీఎఫ్‌ఎస్ ఆ ఇంటి పిల్లే. నేమ్‌నోడ్ దగ్గర పేర్లూ లెక్కలూ, డేటానోడ్ల దగ్గర బ్లాకులు. డేటానోడ్ 3 సెకన్లకోసారి హార్ట్‌బీట్ పంపుతుంది, మామూలు సెట్టింగుతో 6 గంటలకోసారి తన దగ్గరున్న బ్లాకులన్నిటి జాబితా ఇస్తుంది. రెవెన్యూ లెక్కలు తెలిసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. అడంగల్‌లో ఒక పేరుంటుంది, పొలంలో ఇంకొకరు దున్నుతుంటారు. ఏటా జమాబందీ పెట్టి లెక్కలు సరిచూసేది అందుకే. తేడా ఏంటంటే, ఇక్కడ కాగితం మాటే చెల్లుతుంది. నేమ్‌నోడ్ లెక్కలో లేని బ్లాకు డేటానోడ్ దగ్గర కనిపిస్తే, "అది చెరిపెయ్" అని ఆర్డరు వెళ్తుంది.

కాబట్టి హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో ఈ రకం లీకు చాలావరకు దానంతటదే తగ్గుతుంది. ఆలస్యాన్ని లీకనుకునేవాళ్లే ఎక్కువ. పెద్ద డైరెక్టరీ ఒకటి చెరిపారు, ఒక్కో డేటానోడ్ మీద పది లక్షల బ్లాకులు పోవాలి అనుకోండి. ఒక హార్ట్‌బీట్‌కి డిఫాల్టుగా 1,000 బ్లాకుల వరకే చెరపమని పంపుతుంది. 1,000 హార్ట్‌బీట్లు, 3 సెకన్ల చొప్పున 3,000 సెకన్లు. ఎంత లేదన్నా 50 నిమిషాలు. నిజంలో ఇంకా ఎక్కువే పడుతుంది, ఎందుకంటే నేమ్‌నోడ్ ప్రతి విడతలో అన్ని డేటానోడ్లకీ పని పంచదు. ఆ లోపు నలుగురు వచ్చి "ఖాళీ కాలేదు" అని టికెట్ వేస్తారు.

ఇప్పుడు ఇదే మంచి ఏర్పాటుకి ఉన్న కోరలు చూపిస్తాను.

నేమ్‌నోడ్ డిస్కు పాడైంది. ఎవరో వారం కిందటి మెటాడేటా ఇమేజ్ (పేర్ల, లెక్కల పూర్తి ప్రతి) బ్యాకప్ తీసి పెట్టారు. ఆ వారంలో రాసిన మార్పుల లాగ్ లేదు. నేమ్‌నోడ్ లేచింది. దాని లెక్క ప్రకారం ఈ వారంలో రాసిన ఫైళ్లు అసలు లేవు. డేటానోడ్లు నిజాయితీగా తమ జాబితాలు పంపుతాయి. ఈ వారం బ్లాకులన్నీ "నాకు తెలియనివి" అవుతాయి. ఆర్డరు వెళ్తుంది. ఒక్కో బ్లాకుకి 3 కాపీలున్నాయి కదా అని ధైర్యం వద్దు, మూడు డేటానోడ్లకీ అదే ఆర్డరు వెళ్తుంది.

నేమ్‌నోడ్ లేవగానే ఏదీ మార్చకుండా ఆగి చూసే సేఫ్‌మోడ్ కాపాడదా అంటారు. సేఫ్‌మోడ్ చూసేది నేమ్‌నోడ్‌కి తెలిసిన బ్లాకుల్లో ఎన్ని కనిపించాయన్నది. 99.9 శాతం కనిపిస్తే చాలు, తలుపు తీస్తుంది. పాత ఇమేజ్‌లో ఉన్న పాత ఫైళ్లు ఎవరూ చెరపకపోతే అవన్నీ డిస్కుల మీద భద్రంగానే ఉంటాయి. నూటికి నూరు శాతం కనిపిస్తాయి. అంతా బాగుందనుకుని సేఫ్‌మోడ్ దిగి, చెరపడం మొదలుపెడుతుంది. లేనివాటిని వెతికే కాపలా అది. ఎక్కువున్నవాటిని చూసి అనుమానించడం దానికి రాదు.

ఈ సంగతి గుర్తించి తర్వాత రెండు మందులు వేశారు. నేమ్‌నోడ్ లేచాక కొంతసేపు బ్లాకులేవీ చెరపకుండా ఆపే సెట్టింగు ఒకటి. డిఫాల్టుగా అది సున్నా, అంటే ఆపదు. నా మట్టుకు నేను పెద్ద క్లస్టర్‌లో దాన్ని కొన్ని గంటలకైనా పెట్టమంటాను. రెండోది హడూప్ 2.8 నుంచి వచ్చింది. ప్రతి బ్లాకుకీ ఒక జనరేషన్ స్టాంపు ఉంటుంది, అది పెరుగుతూ పోతుంది. నేమ్‌నోడ్‌కి తెలిసిన చివరి స్టాంపు కన్నా పెద్ద స్టాంపుతో బ్లాకు కనిపిస్తే, "ఇది భవిష్యత్తు నుంచి వచ్చింది, నా దగ్గరున్నదే పాత లెక్క" అని అర్థం. అప్పుడు సేఫ్‌మోడ్ వదలదు. బలవంతంగా బయటికి రమ్మని ప్రత్యేకంగా కమాండ్ ఇవ్వాలి. ఆ కమాండ్ టైపు చేసేముందు రెండో మనిషిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి.

ఈ కథలో అసలు పాయింటు ఇది. యజమాని లేని బ్లాకు రెండు రకాలుగా పుడుతుంది. ఫైలు చెరిపితే మిగిలినది ఒకటి. ఫైలు బతికే ఉండి, దాని పేరు పోగొట్టుకున్నది ఇంకొకటి. డిస్కు మీద రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. హెచ్‌డీఎఫ్‌ఎస్ బ్లాకు ఫైలుకి ఒక నంబరుంటుంది, పక్కన చెక్‌సమ్ ఫైలుంటుంది, అంతే. నాది ఫలానా ఫైలు అని దాంట్లో ఎక్కడా రాసుండదు.

లస్టర్ అనే ఫైల్ సిస్టమ్‌లో అలా కాదు. సూపర్ కంప్యూటర్లు వాడేవాళ్లకి లస్టర్ తెలిసే ఉంటుంది. అక్కడ మెటాడేటా సర్వర్లు వేరు, డేటా ఆబ్జెక్టులు, అంటే ఫైలు ముక్కలు, దాచే టార్గెట్లు వేరు. ఫైలు తయారీ వేగంగా జరగాలని మెటాడేటా సర్వర్ ఆబ్జెక్టుల్ని ముందే గుంపులుగా చేయించి పెట్టుకుంటుంది. సర్వర్ పడి లేచాక "నేను వాడిన చివరి నంబరు ఇది" అని చెప్తుంది, ఆ పైనవి టార్గెట్ తీసేస్తుంది. ఫైలు చెరిపేటప్పుడు కూడా ఏయే ఆబ్జెక్టులు పోవాలో ఒక చిట్టా రాసుకుని, టార్గెట్ పని పూర్తిచేశాకే కొట్టేస్తుంది. ఇంత చేసినా ఆ చిట్టా పాడైనప్పుడో, టార్గెట్‌ని పాత బ్యాకప్ నుంచి తెచ్చినప్పుడో అనాథలు మిగులుతాయి.

అయితే లస్టర్‌లో ప్రతి డేటా ఆబ్జెక్టు మీదా తన తల్లి ఫైలు గుర్తింపు నంబరు, ఆ ఫైలులో తను ఎన్నో ముక్క అన్నది రాసి ఉంటుంది. దానివల్ల ఎల్‌ఎఫ్‌ఎస్‌సీకే అనే తనిఖీ సాధ్యమైంది. మెటాడేటాకీ డేటా ఆబ్జెక్టులకీ మధ్య పొంతన చూసే భాగం 2.6 వెర్షన్‌తో వచ్చింది, ఫైల్ సిస్టమ్ నడుస్తుండగానే చేస్తుంది. అనాథ ఆబ్జెక్టు దొరికితే ముందు తల్లి కోసం వెతుకుతుంది. తల్లి ఉండి, తన ముక్కల పట్టిక పోగొట్టుకుని ఉంటే, ఈ ముక్కల్ని బట్టి పట్టిక తిరిగి కడుతుంది. తల్లి అసలే లేకపోతే లాస్ట్ అండ్ ఫౌండ్ డైరెక్టరీలో ఫైలుగా పెడుతుంది. చెరపదు. చెరపాలా వద్దా అన్నది మీరు చూసుకోండి అంటుంది. చోటు వెంటనే రాదని కొందరికి కోపం. నాకు మాత్రం ఇన్నాళ్లలో చూసినవాటిలో ఇదే మర్యాదైన పద్ధతి.

సెఫ్‌ఎఫ్‌ఎస్ అని ఇంకో డిస్ట్రిబ్యూటెడ్ ఫైల్ సిస్టమ్ ఉంది, అది ఈ రెంటికీ మధ్య ఉంటుంది. ఆబ్జెక్టు పేరులోనే ఫైలు ఇనోడ్ నంబరు, అంటే దాని గుర్తింపు నంబరు, ఉంటుంది, చుక్క తర్వాత ఎన్నో ముక్క అన్నది ఉంటుంది. డిఫాల్టుగా ముక్క సైజు 4 మెగాబైట్లు. మొదటి ముక్క మీద ఫైలు ఏ డైరెక్టరీలో ఉండేదో కూడా రాసి ఉంటుంది, కాకపోతే అది కాస్త పాతబడి ఉండొచ్చు. ఫైలు చెరిపితే ముందు స్ట్రే డైరెక్టరీలనే చోటుకి వెళ్తుంది. ఒక్కో మెటాడేటా సర్వర్‌కి అలాంటివి 10 ఉంటాయి. ఎవరైనా ఆ ఫైలు ఇంకా తెరిచి పెట్టుకుంటే, దానికి ఇంకో హార్డ్‌లింక్ (అదే ఫైలుకి రెండో పేరు) ఉంటే, స్నాప్‌షాట్ ఉంటే అక్కడే ఆగిపోతుంది. ఏ అడ్డూ లేనిదే చెరిపే క్యూలోకి వెళ్తుంది. పాత వెర్షన్లలో ఆ స్ట్రే డైరెక్టరీల్లో ఒక్కోదానికి లక్ష పేర్లే హద్దు. పది నిండితే పది లక్షలు. ఆ తర్వాత మీరు ఫైలు డిలీట్ చేయబోతే "చోటు లేదు" అని ఎర్రర్ వస్తుంది. చోటు కోసం చెరుపుతుంటే, చెరపడానికి చోటు లేదట. (నవ్వులు)

ఇక చేత్తో ఏరాల్సి వచ్చినప్పుడు. టూల్ లేదు, లేదా టూల్‌ని నమ్మలేం. రెండు జాబితాలు కావాలి. డిస్కుల మీద ఉన్న ఆబ్జెక్టులు ఒకటి, మెటాడేటా ప్రకారం ఉండాల్సినవి ఒకటి. మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసేస్తే మిగిలేవి అనాథలు. స్క్రిప్టు పది లైన్లు. చంపేది ఆ పది లైన్లే.

ముందు ఏ జాబితా తీస్తారు? చాలామంది మెటాడేటా తీస్తారు, అది చిన్నది, త్వరగా అయిపోతుంది. రాత్రి 10 గంటలకి అది ముగిసింది. 10:20కి ఒకాయన కొత్త ఫైలు రాశాడు. ఆబ్జెక్టుల జాబితా తెల్లవారేదాకా నడిచింది, ఆ ఫైలు ముక్కలు అందులో పడ్డాయి. మెటాడేటా జాబితాలో మాత్రం ఆ ఫైలు లేదు. పొద్దున మీ స్క్రిప్టు దాన్ని అనాథ అంటుంది. అందుకే ముందు ఆబ్జెక్టుల జాబితా, తర్వాత మెటాడేటా. అప్పుడు మధ్యలో పుట్టిన ఫైలు మొదటి జాబితాలోనే ఉండదు కాబట్టి బతుకుతుంది. మధ్యలో చెరిపిన ఫైలు అనాథగా కనిపిస్తుంది, అది ఎలాగూ పోయేదే.

అంతటితో అయిపోలేదు. మెటాడేటా జాబితాని డైరెక్టరీ వెంట డైరెక్టరీ నడుస్తూ తీస్తున్నారు. ఆర్కైవ్ డైరెక్టరీ చూడటం అయిపోయింది, వర్క్ డైరెక్టరీకి ఇంకా రాలేదు. ఈలోపు ఎవరో పని ముగించి ఫైళ్లని వర్క్‌లోంచి ఆర్కైవ్‌లోకి మార్చారు. మీరు వర్క్‌కి వచ్చేసరికి అక్కడ లేవు, ఆర్కైవ్ చూసేటప్పటికి అక్కడికి రాలేదు. ఏళ్లుగా ఉన్న ఫైళ్లు, రెండుచోట్లా దొరకలేదు. అనాథలైపోయాయి. ఆర్కైవ్ చేశారంటే ముఖ్యమైనవనే కదా అర్థం!

హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో దీనికి దారుంది. నేమ్‌నోడ్ ఇమేజ్ ఫైలు తీసుకుని ఆఫ్‌లైన్‌లో చదివితే ఒకే క్షణం నాటి లెక్క దొరుకుతుంది, స్నాప్‌షాట్లతో సహా. అలాంటి సౌకర్యం లేనిచోట జాబితా పద్ధతి మొత్తం రెండుసార్లు, కొన్ని రోజుల ఎడంతో చేసి, రెండుసార్లూ అనాథలుగా తేలినవే తీసుకోండి. ఆబ్జెక్టు చివరిసారి మారిన తేదీ చూసి, ఈమధ్య రాసినవి పక్కన పెట్టండి. చెరిపేముందు ఒక్కోదాన్నీ దాని ఇనోడ్ నంబరుతో మెటాడేటాని మళ్లీ అడగండి, జాబితాని కాదు. వీలైతే చెరపడం కాదు, వేరే పూల్‌కి, అంటే విడిగా పెట్టిన స్టోరేజీకి, మార్చి ఒక నెల ఉంచండి. ఆ నెలలో నెలాఖరు రిపోర్టులు ఒక్కసారైనా నడవాలి, ఎందుకంటే కొన్ని ఫైళ్లని నెలకోసారే తెరుస్తారు. "చోటు లేకే కదా ఈ పని, మార్చడానికి చోటెక్కడిది" అంటారు. నాలుగు డిస్కులు కొనండి. పోయిన డేటా కన్నా చవక.

అమెజాన్ ఎస్3 రకం ఆబ్జెక్ట్ స్టోరేజీ వాడేవాళ్లకి ఒక్కమాట. పెద్ద ఫైలుని ముక్కలుగా అప్‌లోడ్ చేస్తూ మధ్యలో ఆగిపోతే, ఆ ముక్కలు మామూలు లిస్టింగ్‌లో కనపడవు, బిల్లు మాత్రం వస్తుంది. ఇన్ని రోజుల తర్వాత అసంపూర్తి అప్‌లోడ్లు రద్దు చెయ్యమని లైఫ్‌సైకిల్ రూల్ ఒకటి పెట్టండి. ఇది రెండు నిమిషాల పని, ఈరోజే చేసుకోండి.

ప్రశ్నలేమైనా ఉంటే...

(సభలోంచి ఒకరు: సార్, మాకు బ్లాకులు డేటానోడ్ డిస్కు మీద నుంచి నిజంగానే పోయాయి, డైరెక్టరీలో లేవు. అయినా డిస్కు ఖాళీ పెరగలేదు. రీబూట్ చేస్తే వచ్చింది. అదెందుకు?)

మంచి ప్రశ్నండి. హడూప్ మీద నడిచే డేటాబేస్ హెచ్‌బేస్ నడుపుతున్నారా? అవును కదా. హెచ్‌బేస్ డేటా అందించే ప్రాసెస్ రీజియన్ సర్వర్ అదే మెషీన్‌లో ఉంటే, డేటానోడ్ ద్వారా కాకుండా బ్లాకు ఫైలుని నేరుగా తెరిచి చదువుకునే షార్ట్-సర్క్యూట్ పద్ధతి ఒకటుంది. డేటానోడ్ ఆ ఫైలు పేరు చెరిపేసినా, తెరిచి పెట్టుకున్న ప్రాసెస్ మూసేదాకా లినక్స్ ఆ చోటు వదలదు. డేటానోడ్ లెక్కలో బ్లాకు పోయింది, డైరెక్టరీలో పోయింది, కెర్నల్ దగ్గర మాత్రం ఉంది. ఇంతసేపటి నుంచి మనం చెప్పుకుంటున్న కథే, ఒక్క మెషీన్ లోపల.

కానీ రీబూట్ చేయకండి. డేటానోడ్ పదిన్నర నిమిషాలు పలక్కపోతే నేమ్‌నోడ్ అది చచ్చిపోయిందనుకుంటుంది, డిఫాల్టు లెక్క అది. దాని మీదున్న బ్లాకులన్నిటికీ వేరే మెషీన్లలో కొత్త కాపీలు చేయించడం మొదలుపెడుతుంది. మీ మెషీన్ లేచి వచ్చేసరికి, అప్పటికే కొత్త కాపీ అయినవాటికి 4 కాపీలుంటాయి, ఆ నాలుగోవన్నీ మళ్లీ చెరపాల్సినవాటి క్యూలోకి వెళ్తాయి. ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌తో, పేరు పోయినా తెరిచి ఉన్న ఫైళ్లు ఏ ప్రాసెస్ పట్టుకుందో చూడండి, ఆ ఒక్క రీజియన్ సర్వర్‌ని పద్ధతిగా ఆపి మళ్లీ మొదలుపెట్టండి. డేటానోడ్ జోలికి వెళ్లకండి.